పింఛను తయారుచేసిన పౌరులు



అమెరికా పటంలో ఈశాన్యపు కొసన మెయిన్ అనే రాష్ట్రం కనిపిస్తుంది. అడవులు, సరస్సులు, ఎముకలు కొరికే చలి. అక్కడి ఒక పల్లెటూరి శ్మశానంలో విలియం వారెన్ డర్గిన్ అనే ఆయన సమాధి ఉంది. 1839లో పుట్టి 1929లో పోయాడు. అడవిలో కలప పని, కాస్త సేద్యం, ఇదే ఆయన జీవనం. పెద్ద చదువూ లేదు, ఆస్తీ లేదు. అలాంటి మనిషి సమాధిరాయి మీద మూడు సంగతులు చెక్కి ఉన్నాయి. అబ్రహాం లింకన్ భౌతికకాయానికి కాపలాగా వెళ్లి, దాన్ని సమాధిలోకి చేర్చిన సైనికుల్లో ఆయన ఒకడు. అంతర్యుద్ధ సైనికుల సంఘానికి తన ప్రాంతంలో నాయకుడిగా ఉన్నాడు. తన ఊళ్లో గ్రేంజ్ అనే రైతు సంఘం పెట్టడానికి పాటుపడ్డాడు.

లింకన్ అంతిమయాత్రలో పాల్గొన్నానని రాయి మీద చెక్కించుకోవడం మనకు అర్థమవుతుంది. మరి ఊరి రైతు సంఘం సంగతి? చనిపోయాక కూడా నలుగురికీ తెలియాల్సినంత గొప్ప విషయమా అది? డర్గిన్‌కూ ఆయన తరం వాళ్లకూ అది అంత గొప్ప విషయమే. ఈ రాయితోనే తన పుస్తకం మొదలుపెట్టారు హార్వర్డ్ ఆచార్యురాలు థీడా స్కాచ్‌పోల్. 2003లో వచ్చిన ఆ పుస్తకం పేరు 'డిమినిష్డ్ డెమోక్రసీ'. అమెరికాలో ప్రజాస్వామ్యం ఎలా చిక్కిపోతూ వచ్చిందో చెప్పే పుస్తకం అది.

అమెరికా రాజకీయాలంటే మనకు పత్రికల్లో కనిపించేది అధ్యక్ష ఎన్నికలు, వీసాలు, సుంకాలు. దాని వెనక ఇంకో అమెరికా ఉంది. అక్కడి ప్రభుత్వం ముసలివాళ్లకు, సైనికులకు, తల్లులకు, పేదవాళ్లకు ఏం ఇస్తోంది, ఎలా ఇస్తోంది, అలా ఇచ్చినప్పుడు ఆ మనుషుల్లో ఏం మార్పు వస్తోంది? దీన్ని ముప్ఫై నలభై ఏళ్లుగా ఓపికగా తవ్వుతున్న పరిశోధకుల బృందం ఒకటి ఉంది. ఈ ప్రసంగం వాళ్ల గురించే. వాళ్లందరి పనినీ కలిపి చూస్తే నాకు కనిపించేది ఒక్కటే. సంక్షేమ పథకం డబ్బు మాత్రమే ఇచ్చి ఊరుకోదు, మనిషికి ఒక పాఠం కూడా చెబుతుంది. 'నువ్వు ఈ దేశానికి కావలసినవాడివి' అని చెప్పవచ్చు. 'నోరు మూసుకుని వరుసలో నిలబడు' అని కూడా చెప్పవచ్చు. ఆ పాఠాన్ని మనిషి పోలింగు కేంద్రం దాకా మోసుకువెళతాడు.

స్కాచ్‌పోల్ 1947లో మిషిగన్ రాష్ట్రంలోని డెట్రాయిట్‌లో పుట్టారు. ఫ్రెంచి, రష్యన్, చైనా విప్లవాలను పోల్చి 1979లో రాసిన పుస్తకంతో చిన్న వయసులోనే పేరు తెచ్చుకున్నారు. అయినా ఆ వెంటనే హార్వర్డ్ ఆమెకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. స్త్రీనన్న వివక్షే కారణమని ఆమె ఫిర్యాదు చేసి పోరాడారు. కొన్నాళ్లు షికాగోలో పనిచేసి, 1980ల మధ్యలో అదే హార్వర్డ్‌కు శాశ్వత ఆచార్యురాలిగా తిరిగి వచ్చారు. ఆ తర్వాత విప్లవాల నుంచి తన దృష్టిని సొంత దేశపు పింఛన్ల వైపు తిప్పారు. చాలామందికి అది చిన్న విషయంగా కనిపించి ఉంటుంది. కానీ 1992లో వచ్చిన 'ప్రొటెక్టింగ్ సోల్జర్స్ అండ్ మదర్స్' అమెరికా సంక్షేమ చరిత్ర గురించి అందరూ నమ్ముతున్న ఒక మాటను తలకిందులు చేసింది.

అందరూ నమ్ముతున్నది ఏమిటంటే, అమెరికా ఈ విషయంలో వెనకబడ్డ దేశమని. జర్మనీలో బిస్మార్క్ 1880ల్లోనే కార్మికులకు బీమా, వృద్ధులకు పింఛను తెచ్చాడు. బ్రిటన్ 1908లో వృద్ధాప్య పింఛను చట్టం చేసింది. అమెరికా మాత్రం 1935 దాకా కళ్లు తెరవలేదు. పాఠ్యపుస్తకాల కథ ఇది. స్కాచ్‌పోల్ పాత రికార్డులు తిరగేస్తే వేరే దృశ్యం కనిపించింది. 1910 నాటికే అమెరికాలో అరవై అయిదేళ్లు దాటిన మగవాళ్లలో నూటికి ఇరవై ఎనిమిది మంది కేంద్ర ప్రభుత్వం నుంచి పింఛను తీసుకుంటున్నారు. అయిదు లక్షల మందికి పైమాటే. సగటున ఏడాదికి 189 డాలర్లు. 1890ల తొలి ఏళ్లలో కేంద్రానికి వచ్చే రాబడిలో నలభై శాతం దాకా ఈ పింఛన్లకే పోయేది. వెనకబడ్డ దేశమా ఇది?

ఆ పింఛన్లు అంతర్యుద్ధంలో ఉత్తరాది పక్షాన పోరాడిన సైనికులవి. మొదట గాయపడ్డవాళ్లకూ, చనిపోయినవాళ్ల కుటుంబాలకూ ఇచ్చారు. 1890 చట్టంతో తొంభై రోజులు సైన్యంలో ఉండి, ఇప్పుడు ఒళ్లు వంచి పనిచేయలేని ప్రతివాడికీ వచ్చింది. యుద్ధంలోనే దెబ్బ తగిలి ఉండాలన్న నియమం పోయింది. ఇంకో పదిహేనేళ్లకు ముసలితనమే చాలు, వేరే రుజువు అక్కర్లేదన్నారు. ఇదంతా జాలితో వచ్చింది కాదు. ఓట్ల పోటీ దానికి ఒక కారణం. మన డర్గిన్ ఉన్న సైనికుల సంఘం, గ్రాండ్ ఆర్మీ ఆఫ్ ది రిపబ్లిక్, రెండో కారణం. పింఛను పెరిగిన కొద్దీ సంఘం పెరిగింది, సంఘం పెరిగిన కొద్దీ పింఛను పెరిగింది. ప్రభుత్వం ముందా, పౌర సంఘం ముందా అని వాదించేవాళ్లు ఈ చరిత్రను ఒక్కసారి చూడాలి. రెండూ ఒకదాన్నొకటి పెంచుకున్నాయి.

ఈ కథకు ఒక విషాదం కూడా ఉంది. పింఛన్ల చుట్టూ పార్టీల పైరవీలు, దొంగ దరఖాస్తులు చేరాయి. దాంతో ఇరవయ్యో శతాబ్దపు తొలి సంస్కర్తలకు పింఛను అన్న మాట వింటేనే అవినీతి గుర్తుకొచ్చింది. కార్మికులందరికీ వృద్ధాప్య పింఛను ఇద్దామంటే, మళ్లీ ఆ పార్టీ నాయకుల చేతికి ఖజానా అప్పగిస్తామా అని వెనకాడారు. ఒక పథకాన్ని చెడ్డగా నడిపితే, దాని దెబ్బ తర్వాత రావలసిన మంచి పథకానికి తగులుతుంది.

అదే సమయంలో ఇంకో వింత జరిగింది. స్త్రీలకు దేశమంతటా ఓటు వచ్చింది 1920లో. అంతకుముందే, చాలాచోట్ల ఓటు లేని స్త్రీలు, 1911 నుంచి 1920 లోపు నలభై రాష్ట్రాల్లో తల్లుల పింఛను చట్టాలు చేయించారు. ఇల్లినాయ్‌తో మొదలైంది. భర్త చనిపోయిన తల్లి పిల్లల్ని అనాథాశ్రమంలో వదలకుండా ఇంట్లోనే పెంచుకోవడానికి ఆ సాయం. 1890లో ఏర్పడిన మహిళా క్లబ్బుల సమాఖ్య, 1897లో పుట్టిన తల్లుల సంఘం ఊరూరా సభలు పెట్టాయి, పత్రికలకు రాశాయి, శాసనసభ్యుల చుట్టూ తిరిగాయి. 1912లో కేంద్రంలో పిల్లల సంక్షేమ శాఖ ఏర్పడింది. ఓటు వచ్చిన మరుసటి ఏడాది, 1921లో, తల్లీబిడ్డల ఆరోగ్యానికి కేంద్ర నిధులు వచ్చాయి. మగ ఓటర్ల బలమున్న కార్మిక సంఘాలు సాధించలేనిది, చాలావరకు ఓటే లేని కాలంలో ఆడవాళ్లు సాధించారు. వాళ్లకున్నది సంఘబలం.

అయితే పల్లె నుంచి రాజధాని దాకా ఇలాంటి సంఘాలు అమెరికాలో ఎలా అల్లుకున్నాయి? 1831లో వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు టోక్‌విల్ అమెరికన్లు ప్రతి పనికీ ఓ సంఘం పెట్టుకుంటారని ఆశ్చర్యపోయాడు. ప్రభుత్వం చిన్నది కాబట్టే ప్రజలు సంఘాలు పెట్టుకున్నారని తర్వాతివాళ్లు దానికి అర్థం చెప్పారు. ఇప్పటికీ చాలామంది అదే అంటారు. పరిశోధకులు దీనికి ఎదురుగా తపాలా కార్యాలయాలను సాక్ష్యంగా తెచ్చారు. 1828 నాటికి అమెరికాలో ప్రతి లక్షమందికి 74 పోస్టాఫీసులు ఉండేవి. బ్రిటన్‌లో 17, ఫ్రాన్స్‌లో 4. 1792 తపాలా చట్టం వార్తాపత్రికల్ని చౌకగా ఊరూరికీ చేరవేసింది. ఆ దారినే సంఘాల ఉత్తరాలు, కరపత్రాలు నడిచాయి. అంటే టోక్‌విల్ చూసిన సంఘాల వెనక నిలబడ్డది ఆ కాలానికి ప్రపంచంలోనే విశాలమైన ప్రభుత్వ యంత్రాంగం ఒకటి. తపాలా సంచి లేకపోతే ఆ సంఘాలు ఊరు దాటేవి కావు.

ఆ సంఘాల నిర్మాణం కూడా ప్రభుత్వాన్ని పోలి ఉండేది. ఊళ్లో శాఖ, దాని మీద రాష్ట్ర శాఖ, దాని మీద జాతీయ మహాసభ. ఊళ్లో దుకాణం నడిపే మనిషి రాష్ట్ర సభకు ప్రతినిధిగా వెళ్లేవాడు, అక్కడ తీర్మానం పెట్టడం, పద్దులు చదవడం, అధ్యక్షుడిని ఎన్నుకోవడం నేర్చుకునేవాడు. స్కాచ్‌పోల్ బృందం లెక్కలు తీస్తే దేశ చరిత్రలో ఏదో ఒక దశలో వయోజన స్త్రీపురుషుల్లో నూటికి ఒకరిని సభ్యులుగా చేర్చుకున్న సంఘాలు యాభైకి పైగా తేలాయి. ఆమె పాత వస్తువుల దుకాణాల్లో ఆ సంఘాల బ్యాడ్జీలు వెతికి సేకరించారు. రిబ్బనుతో చేసిన బ్యాడ్జీలవి. ఒక వైపు ఎరుపో నీలమో, బంగారు అంచుతో ఉంటుంది. ఊరేగింపులకు అది. తిప్పితే వెనక నలుపు మీద వెండి అక్షరాలు. సభ్యుడు చనిపోయినప్పుడు అందరూ ఆ నల్ల వైపు తిప్పి పెట్టుకుని అంతిమయాత్రకు వెళ్లేవాళ్లు. బ్యాంకు యజమానీ గుమస్తా ఒకే రిబ్బను పెట్టుకుని ఒకే పాడె వెనక నడిచేవాళ్లు. డర్గిన్ తన రైతు సంఘాన్ని రాయి మీదకెందుకు ఎక్కించాడో ఆ రిబ్బను చూస్తే తెలుస్తుంది.

అంతా మంచే అని నేను అనను. ఆ సోదరభావం తెల్లవాళ్ల మధ్యనే. నల్లవాళ్లను చాలా సంఘాలు గుమ్మం తొక్కనివ్వలేదు. వాళ్లు మేసన్లు, ఆడ్‌ఫెలోస్ లాంటి సోదర సంఘాలను తమకోసం విడిగా కట్టుకున్నారు. పౌరహక్కుల ఉద్యమానికి కావలసిన నాయకత్వం, క్రమశిక్షణ, న్యాయపోరాటాల అనుభవం అక్కడ కూడా తయారయ్యాయని స్కాచ్‌పోల్, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి 2006లో ఒక పుస్తకమే రాశారు.

ఇప్పుడు రెండో ప్రపంచ యుద్ధానికి వద్దాం. 1944 జూన్ 22న రూజ్‌వెల్ట్ సంతకం చేసిన సైనికుల చట్టాన్ని అక్కడ జి.ఐ. బిల్లు అంటారు. దాని చిత్తుప్రతి రాసింది ప్రభుత్వ అధికారులు కాదు, అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం. యుద్ధం నుంచి తిరిగొచ్చిన వాడు చదువుకుంటానంటే ఏడాదికి 500 డాలర్ల దాకా ఫీజు, ఒంటరివాడికి నెలకు 50, పెళ్లయినవాడికి 75 డాలర్ల బత్తెం ఇచ్చారు. బత్తెం తర్వాత పెరిగింది కూడా. 78 లక్షల మంది ఈ చట్టం కింద చదువో శిక్షణో పొందారు. అందులో 22 లక్షల మంది కాలేజీ గడప తొక్కారు. మిగతా వాళ్లు వడ్రంగం, రేడియో మరమ్మతు, సేద్యం లాంటి పనులు నేర్చుకున్నారు.

సుజాన్ మెట్లర్ అనే రాజనీతి ఆచార్యురాలు యాభై ఏళ్ల తర్వాత ఆ వృద్ధ సైనికులకు ప్రశ్నావళులు పంపారు, కొందరితో కూర్చుని మాట్లాడారు. ఆ పథకం వాడుకున్నవాళ్లు, వాడుకోని తోటి సైనికులకంటే ఎక్కువ సంఘాల్లో చేరారు, ఎన్నికల ప్రచారాల్లో, స్థానిక వ్యవహారాల్లో ఎక్కువగా పాల్గొన్నారు. చదువుకున్నవాడు సహజంగానే చురుగ్గా ఉంటాడు కదా అని మీరు అడగవచ్చు. ఆమె కూడా ఆ అనుమానంతోనే మొదలుపెట్టారు. చదువు తేడాను లెక్కలోంచి తీసేసి చూసినా పథకం ప్రభావం మిగిలింది. కారణం ఏమిటంటే, దరఖాస్తు సులభం. ఎవడూ ఆరా తీయలేదు, అవమానించలేదు. దేశం నన్ను గౌరవించింది, నేనూ దేశానికి ఏదైనా చేయాలి అనే భావం వాళ్లలో నాటుకుంది. 2005లో వచ్చిన ఆమె పుస్తకం పేరు 'సోల్జర్స్ టు సిటిజన్స్'.

ఇక్కడ కూడా నలుపు తెలుపుల తేడా వదలలేదు. ఇళ్ల రుణాలకు ప్రభుత్వం హామీ ఇచ్చినా, రుణం ఇవ్వాల్సింది స్థానిక బ్యాంకులు. 1947లో మిసిసిపి రాష్ట్రంలోని పదమూడు నగరాల్లో ఇళ్లకూ, వ్యాపారానికీ, సేద్యానికీ ప్రభుత్వ హామీ ఉన్న రుణాలు మూడు వేలకు పైగా మంజూరైతే, నల్లజాతి సైనికులకు దక్కినవి రెండంటే రెండు. చరిత్రకారుడు ఐరా కాట్స్‌నెల్సన్ ఆ సంఖ్యను అందరి ముందుకు తెచ్చాక, జి.ఐ. బిల్లును అందరికీ జరిగిన మేలుగా చెప్పుకోవడం కుదరలేదు.

ఇక వృద్ధుల సంగతి. సోషల్ సెక్యూరిటీ చట్టం 1935 ఆగస్టు 14న వచ్చింది. నెలవారీ పింఛను తొలి చెక్కు అందుకున్నది వర్మాంట్ రాష్ట్రానికి చెందిన ఐడా మే ఫుల్లర్. 1940 జనవరి 31 తేదీ వేసిన ఆ చెక్కు విలువ 22 డాలర్ల 54 సెంట్లు. ఆమె జీతంలోంచి అప్పటిదాకా కట్టింది మొత్తం 24 డాలర్ల 75 సెంట్లు. నూరేళ్లు బతికిన ఆమెకు చివరికి 22 వేల డాలర్లకు పైగా ముట్టింది. ఇంత చిన్నగా మొదలైన పథకం 1970ల్లో బాగా పెరిగింది. 1972లో ఒకేసారి ఇరవై శాతం పెంచి, ఆపైన ధరలతో పాటు పింఛను పెరిగేలా చట్టం చేశారు. 1959లో అమెరికా వృద్ధుల్లో నూటికి ముప్ఫై అయిదు మంది పేదలు. శతాబ్దం ముగిసే నాటికి అది పది దగ్గరకు దిగింది.

ఆండ్రియా కాంప్‌బెల్ అనే పరిశోధకురాలు ఈ లెక్కల పక్కన ఇంకో లెక్క పెట్టారు. 1950ల్లో వృద్ధులు రాజకీయాల్లో అంత చురుకైనవాళ్లు కారు. పింఛను పెరిగిన కొద్దీ వాళ్ల ఓటింగు, ఉత్తరాలు, చందాలు పెరిగాయి. ఇందులో నన్ను ఎక్కువగా కదిలించింది ఒకటుంది. ఏ దేశంలోనైనా ప్రతినిధులకు ఉత్తరం రాసేది, గొంతెత్తేది డబ్బున్నవాళ్లే ఎక్కువ. సోషల్ సెక్యూరిటీ విషయంలో మాత్రం తక్కువ ఆదాయం గల ముసలివాళ్లే ముందుంటారు. నెల గడవాలంటే ఆ చెక్కు మీదే ఆధారపడాలి కాబట్టి, దాని మీద చెయ్యి వేస్తే ఊరుకోరు.

ఎంత ఊరుకోరో 1989 ఆగస్టులో షికాగోలో తెలిసింది. అంతకుముందు ఏడాది వృద్ధుల వైద్యానికి అదనపు రక్షణ ఇస్తూ చట్టం చేసి, ఖర్చును వాళ్లలోనే కాస్త ఉన్నవాళ్ల మీద అదనపు పన్నుగా వేశారు. మొదటి ఏడాది గరిష్ఠంగా 800 డాలర్లు. వృద్ధుల అతిపెద్ద సంఘం ఎ.ఎ.ఆర్.పి. ఆ చట్టాన్ని సమర్థించింది. మామూలు సభ్యులు మాత్రం ఒప్పుకోలేదు. పన్నుల కమిటీ అధ్యక్షుడు డాన్ రోస్టెన్‌కోవ్‌స్కీ సొంత నియోజకవర్గంలో వృద్ధుల ప్రతినిధుల్ని కలిసి బయటికి వస్తుంటే, గుంపు కారును చుట్టుముట్టింది. ఓ పెద్దావిడ బానెట్ మీదికి వాలి కదలనివ్వలేదు. వాషింగ్టన్‌లో అంత పలుకుబడి గల మనిషి కారు దిగి పరుగుపెట్టాల్సి వచ్చింది. టీవీలో దేశమంతా చూసింది. ఆ ఏడాది తిరగకుండానే కాంగ్రెస్ చట్టాన్ని రద్దు చేసింది. చట్టం మంచిచెడ్డల మీద ఈనాటికీ వాదనలున్నాయి. కానీ ఒక పథకం ఎంత గట్టి పౌరుల్ని తయారుచేయగలదో ఆ రోజు చూపించింది.

ఇదే దేశంలో, ఇదే ప్రభుత్వం, పేద తల్లులకు ఇంకో పాఠం చెప్పింది. తల్లుల పింఛనుగా మొదలైన సాయం 1935 తర్వాత కేంద్ర వాటాతో నడిచి, కాలక్రమాన 'వెల్ఫేర్' అనే పేరుతో నిందకు గురైంది. జో సాస్ అనే పరిశోధకుడు ఆ సాయం పొందుతున్నవాళ్లనూ, వైకల్య పింఛను పొందుతున్నవాళ్లనూ కలిసి వాళ్ల అనుభవాలు అడిగాడు. 2000లో పుస్తకం వచ్చింది. వెల్ఫేర్ కార్యాలయంలో గంటల తరబడి కూర్చోవాల్సి వచ్చేది. ఎవరితో ఉంటున్నావు, ఎక్కడికి వెళ్లావు అన్న ప్రశ్నలకు జవాబు చెప్పాల్సి వచ్చేది. పిలిచినప్పుడు రాకపోతే సాయం ఆగిపోయేది. ఎదురు మాట్లాడితే అధికారికి కోపం వస్తుందని ఆ తల్లులు నేర్చుకున్నారు. ప్రభుత్వమంటేనే ఇంత, మనం చెప్పి లాభం లేదని తేల్చుకుని ఓటుకు దూరమయ్యారు. వైకల్య పింఛనువాళ్లకు ఈ బాధ తక్కువ. వాళ్లు ప్రభుత్వం మాట వింటుందనే నమ్మారు, ఓటూ వేశారు.

ఈ పరిశోధనలో ఒక వెలుగు రేఖ కూడా ఉంది. అవే వెల్ఫేర్ తల్లుల్లో కొందరి పిల్లలు హెడ్‌స్టార్ట్ అనే బాలవాడి పథకంలో ఉన్నారు. 1965లో మొదలైన ఆ పథకంలో తల్లిదండ్రులకు నిర్ణయాల కమిటీల్లో చోటు ఉంటుంది. ఏం నేర్పాలి, ఎవరిని నియమించాలి అన్న చర్చల్లో వాళ్ల మాటకు విలువ ఉంటుంది. ఆ కమిటీల్లో కూర్చున్న తల్లులు, వెల్ఫేర్ ఆఫీసు నేర్పిన నిస్సహాయత నుంచి బయటపడ్డారు. అదే మనిషి, అదే పేదరికం. ఒక గదిలో తల వంచుకుంది, ఇంకో గదిలో తల ఎత్తుకుంది. సంక్షేమం గురించి మాట్లాడే ప్రతి నాయకుడూ ఈ ఒక్క సంగతి చదివితే చాలని నాకు అనిపిస్తుంది.

మధ్యతరగతి సంగతి ఇంకో తీరు. వాళ్లకు వచ్చే సాయం చాలామటుకు కనిపించనే కనిపించదు. ఇంటి అప్పు వడ్డీ మీద పన్ను మినహాయింపు, పిల్లల చదువు పొదుపు ఖాతాల మీద రాయితీ, ఇవన్నీ పన్ను లెక్కల్లో కలిసిపోతాయి. 2008లో జరిపిన సర్వేలో మెట్లర్ బృందం మొదట, మీరు ఎప్పుడైనా ప్రభుత్వ సామాజిక పథకం వాడుకున్నారా అని అడిగింది. 57 శాతం మంది లేదన్నారు. తర్వాత 21 పథకాల పేర్లు చదివి, వీటిలో ఏమైనా ఉందా అని అడిగితే, లేదన్నవాళ్లలోనే 94 శాతం మంది కనీసం ఒకటి వాడుకున్నారని బయటపడింది. సగటున నాలుగు. సోషల్ సెక్యూరిటీ చెక్కు తీసుకుంటున్నవాళ్లలో సైతం 44 శాతం తాము ప్రభుత్వ పథకమేదీ వాడలేదన్నారు. వీళ్లు అబద్ధం చెప్పలేదు. తమకు అందుతున్నది ప్రభుత్వ సాయమని వాళ్లకు తెలియదు. అలాంటివాళ్లు ప్రభుత్వం నాకేం చేసింది అని అడగడంలో ఆశ్చర్యం లేదు.

మరి ఆ పాత సంఘాలు ఏమయ్యాయి? రాబర్ట్ పట్నం 2000లో రాసిన 'బౌలింగ్ అలోన్' పేరు మీలో కొందరు విని ఉంటారు. 1980 నుంచి 1993 మధ్య అమెరికాలో బౌలింగ్ ఆడేవాళ్లు పది శాతం పెరిగారు, జట్లుగా చేరి ఆడేవాళ్లు నలభై శాతం తగ్గారు. టీవీ, తరం మార్పు ముఖ్య కారణాలన్నారు ఆయన. స్కాచ్‌పోల్ వేలు వేరే చోట చూపించారు. 1960ల తర్వాత చదువుకున్న పైవర్గం ఊరి సంఘాలను వదిలేసింది. వాటి చోట కొత్త తరహా సంఘాలు వచ్చాయి. వాషింగ్టన్‌లో కార్యాలయం, జీతాలకు నిపుణులు, చందాలకు ఉత్తరాలు. సభ్యుడు చెక్కు పంపితే చాలు, సమావేశానికి రానక్కర్లేదు. బ్యాంకు యజమాని ఇప్పుడు తనలాంటివాళ్ల మధ్యే ఉంటాడు, గుమస్తాకు రాష్ట్ర సభకు వెళ్లే దారి మూసుకుపోయింది. ఇద్దరి వాదనలో నాకు స్కాచ్‌పోల్ మాటే బరువుగా తోస్తుంది. టీవీ కిందివాళ్లనూ పైవాళ్లనూ సమానంగా ఇంట్లో కూర్చోబెట్టింది. సంఘాలను వదిలిపోయే వీలు మాత్రం పైవాళ్లకే ఎక్కువ ఉంది.

స్కాచ్‌పోల్ గ్రంథాలయంలోనే ఉండిపోలేదు. ఒబామా కాలంలో టీ పార్టీ అనే మితవాద ఉద్యమం లేచినప్పుడు వెనెస్సా విలియమ్సన్ అనే పరిశోధకురాలితో కలిసి మసాచుసెట్స్, వర్జీనియా, ఆరిజోనాల్లో ఆ సమావేశాలకు వెళ్లారు. ఆమె రాజకీయాలు వేరు, అయినా వాళ్ల ఎదుట కూర్చుని గౌరవంగా విన్నారు. ప్రభుత్వం వద్దనే ఆ వృద్ధులు సోషల్ సెక్యూరిటీని, వృద్ధుల వైద్య బీమా అయిన మెడికేర్‌ను మాత్రం గట్టిగా సమర్థించారు. అవి మేం కష్టపడి సంపాదించుకున్నవి, మాకు అభ్యంతరం అర్హత లేనివాళ్లకు ఇవ్వడం మీదేనన్నారు. 2016 ఎన్నిక తర్వాత నార్త్ కరొలైనా, ఒహాయో, పెన్సిల్వేనియా, విస్కాన్సిన్‌లలోని చిన్న పట్టణాలకు మళ్లీ మళ్లీ వెళ్లారు. ఈసారి టీ పార్టీకి ఎదుటి పక్షంవాళ్లూ కనిపించారు. రిటైరైన టీచర్లు, లైబ్రేరియన్లు, ఎక్కువగా నడివయసు దాటిన స్త్రీలు సంఘాలు కట్టారు.

పరిశోధన జనానికి అందాలని ఆమె కొందరితో కలిసి 'స్కాలర్స్ స్ట్రాటజీ నెట్‌వర్క్' అనే వేదికను స్థాపించారు. ఆచార్యులు తమ పరిశోధనను రెండు పేజీల్లో, మామూలు మాటల్లో రాసి శాసనసభ్యులకు, విలేఖరులకు, పౌర సంఘాలకు అందించాలి. రెండు పేజీల్లో రాయడం రెండు వందల పేజీలు రాయడం కంటే కష్టం. ఆ కష్టం పడడం ప్రజల పట్ల పండితులు చూపే మర్యాదని నేను భావిస్తాను.

ఈ కథలో మన తెలుగువాళ్లు కూడా ఉన్నారు. హెచ్-1బి వీసా మీద పనిచేసే ప్రతి తెలుగు ఉద్యోగి జీతంలోంచి 6.2 శాతం సోషల్ సెక్యూరిటీకి, 1.45 శాతం మెడికేర్‌కు కట్ అవుతుంది. జీతం చీటీ మీద కనిపిస్తుంది కూడా. పింఛనుకు అర్హత రావాలంటే దాదాపు పదేళ్ల పని, నలభై క్రెడిట్లు ఉండాలి. భారతదేశానికి అమెరికాతో ఈ విషయంలో ఒప్పందం లేదు. అందుకని ఆ పదేళ్లు నిండక ముందే తిరిగొచ్చినవాడికి ఆ పింఛను రాదు. మన పిల్లల కష్టార్జితంలోంచి షికాగో పెద్దావిడ చెక్కుకు వాటా వెళుతోంది. అది నష్టమని ఏడవక్కర్లేదు, కానీ తెలిసి ఉండాలి. తెలిస్తేనే అడగగలం.

తానా, ఆటా లాంటి మన సంఘాలు అక్కడ ఘనంగా నడుస్తున్నాయి. భాషకూ, కష్టంలో ఉన్న కుటుంబానికీ అవి చేస్తున్న మేలు చిన్నది కాదు. అయితే పాత అమెరికన్ సంఘాల బలం వేర్వేరు పనులవాళ్లను, వేర్వేరు అంతస్తులవాళ్లను ఒకే గదిలో కూర్చోబెట్టడంలో ఉంది. ఆ గది ఇప్పటికీ అక్కడ ఉంది. తల్లుల సంఘంగా 1897లో పుట్టినదే ఇవాళ చాలా బడుల్లో కనిపించే తల్లిదండ్రులు, టీచర్ల సంఘం, పి.టి.ఎ. అందులో చేరడానికి ఓటు హక్కు అక్కర్లేదు, పౌరసత్వమూ అక్కర్లేదు. అలాగే స్కూలు బోర్డు సమావేశాలు తలుపులు తీసే జరుపుతారు.

మీ అబ్బాయో అమ్మాయో అమెరికాలో ఉంటే, ఈ వారం ఫోన్ చేసినప్పుడు ఒక మాట అడగండి. మీ పిల్లల బడిలో తల్లిదండ్రుల సమావేశం ఎప్పుడు, దానికి మీరు వెళుతున్నారా అని. వెళ్లకపోతే, వెళ్లమనండి. వెళ్లి ఊరికే కూర్చోవద్దనీ, ఏదో ఒక పని తమ మీద వేసుకోమనీ చెప్పండి.